కొల్లేటి కథ పంపిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథను రెండుసార్లు చదివాను. కొల్లేటి సరస్సును చూసి నీకు కలిగిన బాధ నిజమైనదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే గట్టు మీద కూర్చున్న ముసలాయన చేత "ప్రకృతి పగ తీర్చుకుంటుంది" అనిపించిన చోట కథ ఆగిపోయింది. ప్రకృతికి పగ అంటగట్టగానే మనుషులు తీసుకున్న నిర్ణయాలన్నీ తెర వెనక్కి పోతాయి. రాయవలసింది ఆ నిర్ణయాల గురించే.

ముందు నీటి దారి తెలుసుకో. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు కొల్లేట్లోకి వస్తాయి. ఆ నీరంతా సముద్రానికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరు కూడా చివరికి చేరవలసింది ఇక్కడికే. వరద వచ్చినప్పుడు విప్పారి, ఎండలకు ముడుచుకునే సరస్సు ఇది. అలాంటి దానికి చేపల చెరువుల గట్లు అడ్డం వస్తే ఏమవుతుందో సరస్సు మధ్యలోని లంక గ్రామాల వాళ్లు నీకంటే, నాకంటే బాగా చెబుతారు.

ఆ చెరువులు ఎలా వచ్చాయో నీ కథలో లేదు. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు వేసుకోవడానికి భూమి ఇచ్చింది ప్రభుత్వమే. పెట్టుబడి లేని సంఘాలు లీజులకు ఇచ్చాయి, లీజులు బయటి డబ్బును తెచ్చాయి, బొచ్చె, శీలావతి చేపలు లారీలకెక్కి దూర రాష్ట్రాలకు వెళ్లాయి. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే కాంటూరు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకిచ్చే రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం పంపిన యంత్రాలు వచ్చి చెరువుల గట్లను తెగ్గొట్టాయి. ఆ తర్వాత చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఎందుకు లేచాయన్న ప్రశ్నను నీ కథ ఒక్కసారైనా అడగాలి. గట్టు తెగిన మర్నాడు లీజు సొమ్ము ఆగిపోయిన కుటుంబం ఏం తిన్నదో, కొరమీను, జెల్లలు పట్టుకు బతికిన పాత నీరు వాళ్లకు తిరిగి దొరికిందో లేదో తెలుసుకోకుండా ఆక్రమణదారుడని ఒక మాట అనేసి ముందుకు సాగిపోవడం అన్యాయం. వయసులో ఉన్నప్పుడు నేనూ పక్షుల గురించి మాత్రమే రాశాను, మనుషుల్ని వదిలేశాను. ఆ వ్యాసాన్ని ఇప్పుడు తీసి చూస్తే బాధ కలుగుతుంది.

పక్షుల దగ్గరికి కూడా అదే చూపుతో వెళ్లు. కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రం ఉన్న ఆటపాకలో గూడబాతులు చెట్ల మీదే కాక, మనుషులు నాటిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడతాయి. ఆ ఇనుప కొమ్మల మీద పిల్లలకు మేత పెడుతున్న పక్షిని చూస్తూ, చెడిపోయిన దాన్ని మళ్లీ నిలబెట్టడమంటే ఇదా అని నేను చాలాసేపు ఆలోచించాను. జవాబు తేలలేదు. ఆ తేలనితనాన్ని కథలో అలాగే ఉండనివ్వడానికి భయపడకు.

మంచి సమాజం ఎలా ఉంటుందో చివర ఒక కలలాగా రాశావు. అందులో అందరూ పడవల్లో నవ్వుతూ తిరుగుతున్నారు. ఎవరూ దేన్నీ వదులుకోలేదు. నా దృష్టిలో నిలకడైన సమాజం లెక్కల్లో కనిపిస్తుంది: చెరువు వదులుకున్న కుటుంబానికి ఆ ఏడాది ఎంత అందింది, ఉప్పుటేరు పూడిక ఎవరి ఖర్చుతో తీశారు, గుర్రపుడెక్క తొలగించే కూలి ఎవరికి దక్కింది, సరస్సు మధ్యలో ఉంటూ తాగే నీటికి టిన్నులు మోసుకొచ్చే స్త్రీకి కుళాయి ఎప్పుడు వచ్చింది. సంఘం సమావేశంలో ఈ విషయాల మీద అరుచుకుని, అలసిపోయి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చే మనుషుల్ని నువ్వు రాయగలిగితే నీ చివరి పుటలో కల అవసరం ఉండదు.

మాటల విషయంలో ఒక్కటే చెబుతాను. "జలచరాలు", "వృక్షజాలం" అని రాయకు. అక్కడ మొక్కల్ని కిక్కిస, తూడు అని, చేపల్ని కొరమీను, జెల్ల అని పేరు పెట్టి పిలుస్తారు. ఆ మాటలు తెలిసిన మనిషి వెంట కనీసం నాలుగు రోజులు తిరుగు.

వానలు మొదలయ్యేలోపు సరస్సులోని కొల్లేటికోట ఊరికి వెళ్లి, ఎండిన నేలను చూసి రా. వరద కాలంలో అదే చోటికి మళ్లీ వెళ్లు. రెండు ప్రయాణాలూ అయ్యాక కథను తిరగరాసి పంపు. చదువుతాను.

ఆశీస్సులతో.