సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఇంజన్ పాడైంది, అమ్మిన డీలర్ మీద కేసు నిలబడ్తదా?

ప్రశ్న: వకీల్ సాబ్, మాది నల్లగొండ. మూడు నెలల కింద హైదరాబాద్‌ల ఒక పాత కార్ల డీలర్ దగ్గర 2012 మోడల్ ఆడి టీటీ పెట్రోల్ 13 లక్షలకు కొన్న. "ఇంజన్ ఫుల్ కండిషన్, ఒక్క రూపాయి పని లేదు" అని వాట్సాప్‌ల రాసిండు. ఇప్పుడు పొద్దున స్టార్ట్ చేయంగనే ఇంజన్ల గరగర సౌండ్, ఆయిల్ లైట్ ఊకె వెలుగుతుంది, గేర్ మారినప్పుడు జర్క్ కొడ్తుంది. సర్వీస్ సెంటరోళ్లు నాలుగున్నర లక్షల ఎస్టిమేట్ ఇచ్చిన్రు. డీలర్‌ని అడిగితే నువ్వు సంతకం పెట్టిన కాగితంల "ఉన్నది ఉన్నట్టు తీసుకున్న" అని ఉంది, నాకేం సంబంధం లేదంటుండు. పైసలు వాపస్ వస్తయా?

జవాబు: తమ్మీ, కేసు సంగతి తర్వాత, ముందుగాల ఆ ఇంజన్ విప్పించకు, బండి నడపకు. ఆ కాలం 2.0 టీఎఫ్ఎస్ఐ (ఆడి టర్బో పెట్రోల్) ఇంజన్లల్ల టైమింగ్ చైన్ టెన్షనర్, అంటే ఇంజన్ లోపలి చైన్‌ను బిగువుగ పట్టే పార్ట్, పోవుడు, ఆయిల్ తాగుడు మెకానిక్‌లందరికీ తెలిసిన రోగాలే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గరగర అంటే చాలాసార్లు అది టెన్షనరే. చైన్ ఒక్కసారి చక్రం పండ్లు దాటిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు తగిలి వంగుతయి, అప్పుడు ఖర్చు ఎక్కడికో పోతది, పైంగ డీలర్ వకీలు "తెలిసి కూడ నడిపి ఆయనే పాడు చేసుకున్నడు" అని వాదిస్తడు, బండి వాడుకుంటున్నడంటే ఒప్పుకున్నట్టే కదా అని కూడ అంటడు.

ఇగ సంతకం పెట్టిన కాగితం. దానికి భయపడకు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం అబద్ధమని తెలిసి చెప్పి అమ్మితే అది మోసం, "ఉన్నది ఉన్నట్టు" అని రాయించుకున్నంత మాత్రాన ఆ మోసం మాఫ్ కాదు. ఆయన ఏం చెప్పకుండ ఊకున్నడనుకో, కొనే ముందు మెకానిక్‌కు చూపించుకోవాలె కద అనే వాదనకు బలం ఉండేది, కానీ ఈడ రాసి పంపిండు. ఆ చాట్ డిలీట్ చేయకు, ఆ ఫోన్ కూడ మార్చకు.

అసలు కష్టం ఏందంటే, రోగం అమ్మేటప్పటికే ఉన్నదని, ఆయనకు అది తెలుసని నువ్వు చూపించాలె. దీనికి రెండు దారులు మంచిగ పనిచేస్తయి. ఒకటి, కంప్యూటర్ స్కానింగ్. ఈ కార్లల్ల ఎర్రర్ కోడ్ పడ్డప్పుడు బండి ఎన్ని కిలోమీటర్ల మీద ఉన్నదో కూడ చాలాసార్లు రికార్డ్ అయితది, నువ్వు కొన్న నాటి రీడింగ్ కంటే అది తక్కువుంటే ఇగ చెప్పాల్సిన పనే లేదు, అందుకే స్కాన్ రిపోర్ట్ ప్రింట్ తీసుకునేదాక ఏ మెకానిక్‌నీ కోడ్‌లు క్లియర్ చేయనీయకు. రెండోది, ఛాసిస్ నంబర్ మీద పాత సర్వీస్ రికార్డు. "చైన్ మార్చాలని చెప్పినం, కస్టమర్ వద్దన్నడు" అని పాత జాబ్ కార్డ్‌ల ఒక్క లైన్ దొరికినా కేసుకు పానం వస్తది. సర్వీస్ సెంటరోళ్లు ఆ రికార్డు ఇయ్యం అంటే వినియోగదారుల కమిషన్ ద్వారా తెప్పియ్యొచ్చు, ఇంజన్‌ను నిపుణులతోటి చెక్ చేయించమని కూడ అడగొచ్చు.

కేసు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్లనే వేయొచ్చు, హైదరాబాద్ పోనవసరం లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 కింద నువ్వు ఉండే ఊర్లె వేసే హక్కు ఉంది. 50 లక్షల దాక జిల్లా కమిషనే చూస్తది, నీ 13 లక్షలకు ఫీజు 400 రూపాయలు. కేసు వేసేందుకు టైం రెండేండ్లు. ముందు రిజిస్టర్డ్ పోస్ట్‌ల నోటీస్ పంపు, 15 రోజులు గడువియ్యి, బండి చూసుకోవడానికి నీ మెకానిక్‌ను పంపుకోమని అందుల్నే రాయి, రేపు మాకు చూపియ్యలేదు అనకుండ ఉంటడు.

అయితే నాలుగున్నర లక్షల ఎస్టిమేట్ మొత్తం డీలర్ మీద ఏస్తే కమిషన్ ఒప్పుకోదు, ఉన్నదున్నట్టు చెప్తున్న. పదేండ్లు దాటిన బండికి వాటర్ పంప్ లీక్, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు, వాల్వుల మీద కార్బన్ ఇయన్ని అరుగుదల కిందికే వస్తయి. గేర్ జర్క్ సంగతి కూడ జర చూడు, ఆ ఆరు గేర్ల డీఎస్‌జీకి (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలె, మార్చకపోతే జర్క్ వస్తది, అది సర్వీసింగ్ లోపం, గేర్లను కంట్రోల్ చేసే మెకాట్రానిక్ యూనిట్ పోయిందంటే వేరే కథ. ఎస్టిమేట్‌ను ఐటం ఐటంగ విడదీసి రాయించుకో, చైన్, ఆయిల్ తాగే సమస్యల మీదనే గట్టిగ నిలబడదాం.

పైసలు మొత్తం వాపస్ అని మొదటి కోరిక పెట్టు, అది కాకుంటే రిపేర్ ఖర్చు, నష్టపరిహారం అని రెండోది పెట్టు. స్టేషన్ల కంప్లైంట్ ఇస్తే సివిల్ మ్యాటర్ అని పంపిచ్చే అవకాశమే ఎక్కువ, కిలోమీటర్ల మీటర్ వెనక్కి తిప్పిండని రుజువు దొరికితే మాత్రం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 318 కింద చీటింగ్ కేసు పెట్టుడు ఆలోచిద్దాం, అందుకే పాత ఇన్సూరెన్స్ కాగితాల మీద, జాబ్ కార్డుల మీద ఉన్న రీడింగ్‌లు తేదీలవారీగ ఒక కాగితం మీద రాసి నోటీస్ తయారు చేయించేటప్పుడు పట్టుకపో.