కొత్త బీరువాలో నూనె వాసన, బాబుకు దగ్గు

ప్రశ్న: రెండు నెలల క్రితం టేకు బీరువా చేయించి, పాలిష్ బదులు అవిసె నూనె పూయించాం. తలుపు తీస్తే ఇప్పటికీ ఘాటు వాసన వస్తోంది. ఆ గదిలో పడుకుంటే నాకు తలనొప్పి, ఆస్తమా ఉన్న మా ఆరేళ్ల బాబుకు రాత్రిళ్లు దగ్గు. అగరొత్తులు వెలిగించినా వాసన పోవడం లేదు. ఏం చేయాలి? - ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు బాబు సంగతి చూద్దామమ్మా. వాసన పోయేదాకా బాబును వేరే గదిలో పడుకోబెట్టండి, అగరొత్తులు ఈ రోజే ఆపేయండి. వాటి పొగ వాసనను పోగొట్టదు సరికదా, అందులోని సన్నటి కణాలు ఆస్తమాను రేపుతాయి. రూమ్ ఫ్రెషనర్లు, నాఫ్తలీన్ ఉండలు కూడా వద్దు.

అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, ఆ క్రమంలో హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లనే రసాయనాలు వెలువడి పాత నూనె కంపులాంటి వాసన వస్తుంది. గాలి తగిలే పైభాగం కొద్ది వారాల్లో ఆరినా, ఎప్పుడూ మూసి ఉండే అరల లోపల నెలల తరబడి పచ్చిగానే ఉండిపోవచ్చు. నూనెలో టర్పెంటైన్ గానీ థిన్నర్ గానీ కలిపి ఉంటే తలనొప్పి, కళ్ల మంట రావచ్చు. వాసన వచ్చినంత మాత్రాన విషమని భయపడనక్కర్లేదు. మీరూ రెండు మూడు రాత్రులు వేరే గదిలో పడుకుని చూడండి, తలనొప్పి తగ్గితే కారణం దాదాపు తేలినట్టే.

సొరుగు వెనుక వైపు వేలితో రుద్ది చూడండి. జిగురుగా అంటుకుంటే నూనె మందంగా పూసి, మిగిలినది తుడవకుండా వదిలేశారన్నమాట. సొరుగులు, అరలు ఊడదీసి వరండాలో నీడన ఆరబెట్టి, బీరువా తలుపులు తెరిచి, కిటికీలు తీసి, లోపలికి టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. జిగురు పూర్తిగా పోయాక లోపలి వైపు లక్క పాలిష్ వేయిస్తే మిగిలిన వాసన చాలావరకు అణిగిపోతుంది. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతట అవే అంటుకోగలవు కాబట్టి నీళ్లలో ముంచి బయట పెట్టండి.

దగ్గునంతా బీరువా మీదికి నెట్టలేం. రాత్రిళ్లు దగ్గు వస్తోందంటే ఆస్తమా అదుపులో లేదనే అనుమానించాలి. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఆపకుండా, ఈ వారంలోనే పిల్లల వైద్యుణ్ని కలవండి. ఊపిరి తీస్తున్నప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, ఆయాసంతో మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.