పేరు ఎవరిది: ముందు వాడినవారిదా, ముందు రిజిస్టర్ చేయించినవారిదా?

ప్రశ్న: మా మామగారు 1974లో మొదలుపెట్టిన పచ్చళ్ల వ్యాపారాన్ని అదే పేరుతో ఇప్పటికీ నడుపుతున్నాం. పేరును రిజిస్టర్ చేయించలేదు. 2016లో ఈ వ్యాపారంలోకి వచ్చిన ఒకరు రెండేళ్ల క్రితం అదే పేరును రిజిస్టర్ చేయించుకుని, మమ్మల్ని పేరు మార్చుకోమంటూ లాయరు నోటీసు పంపారు. మాకు ఏ హక్కూ లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నోటీసు భాషకు బెదిరిపోకండి. మన దేశంలో ట్రేడ్‌మార్క్ (సరుకు ఎవరిదో తెలిపే పేరు లేదా గుర్తు) హక్కు వాడకంతోనే పుడుతుంది. 1940కి ముందు పేర్లను నమోదు చేసే ప్రత్యేక చట్టమే లేదు. 1889 నాటి చట్టం సరుకులపై దొంగ గుర్తులు వేసినవారిని శిక్షించేదే గాని, అసలు యజమానికి పట్టా ఇచ్చేది కాదు. అందువల్ల వర్తకులు ఈ గుర్తు మాదేనని ప్రకటన రాసి, దస్తావేజుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నమోదు చేయించి, పత్రికల్లో హెచ్చరిక వేయించేవారు. 1940 చట్టం రిజిస్టరును తెచ్చింది, 1958లో మరో చట్టం వచ్చింది. 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చిన 1999 చట్టం సేవలకూ రక్షణ కల్పించి, రిజిస్ట్రేషన్ గడువును ఏడేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది. ఇన్ని మార్పులు జరిగినా ముందు వాడినవారి హక్కు చెక్కుచెదరలేదు.

ఇప్పటి చట్టంలో అది 34వ సెక్షన్. అవతలివారు వాడటం మొదలుపెట్టిన తేదీ, వారి రిజిస్ట్రేషన్ తేదీ – ఈ రెంటిలో ఏది ముందైతే దానికన్నా ముందునుంచి మీరు ఆ పేరును ఎడతెగకుండా వాడుతూ ఉంటే, వారు మిమ్మల్ని ఆపలేరు. తిరునెల్వేలిలోని ఒక హల్వా దుకాణం పేరుపై వచ్చిన వ్యాజ్యంలో 2015లో సుప్రీంకోర్టు కూడా రిజిస్ట్రేషన్ కన్నా ముందు వాడకానిదే పైచేయి అని చెప్పింది.

అయితే ‘ఎడతెగకుండా’ అన్నదాన్ని రుజువు చేయాల్సింది మీరే. పాత బిల్లు పుస్తకాలు, లేబుళ్లు అచ్చు వేసిన ప్రెస్సు రసీదులు, అమ్మకం పన్ను కాగితాలు, పత్రికా ప్రకటనలు ఏళ్లవారీగా పేర్చండి. మధ్యలో పదేళ్లకు కాగితమే లేకపోతే ఎదుటి లాయరు అక్కడే పట్టుకుంటారు. తరువాత పేరు రిజిస్ట్రేషన్‌కు మీరూ దరఖాస్తు చేయండి. అందులో పేరును ఎప్పటినుంచి వాడుతున్నారో చెప్పే గడి ఉంటుంది. తెలియక చాలామంది ‘ఇకపై వాడతాం’ అని నింపి, ఉన్న బలాన్ని తామే పోగొట్టుకుంటారు. 1974 నుంచి అని రాస్తే, 2017 నిబంధనల ప్రకారం ఆధారాలతో అఫిడవిట్ జతచేయాలి. అవతలివారి రిజిస్ట్రేషన్ రద్దుకు ట్రేడ్‌మార్క్‌ల రిజిస్ట్రార్‌నుగాని హైకోర్టునుగాని ఆశ్రయించవచ్చు. రిజిస్టరైన ఆ పేరును వారు వాడుతున్నారని తెలిసీ వరుసగా ఐదేళ్లు ఊరుకుంటే, వారు దురుద్దేశంతో దరఖాస్తు చేశారని చూపగలిగితే తప్ప, ఆ దారి మూసుకుపోతుంది. కనుక నోటీసుకు వెంటనే జవాబు ఇప్పించండి.

ప్రశ్న: మాది పోచంపల్లి ఇక్కత్ నేసే కుటుంబం. ‘పోచంపల్లి’ని మా దుకాణం ట్రేడ్‌మార్క్‌గా తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: కుదరదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ – ఒక ప్రాంతపు సరుకు పేరుకు చట్టం ఇచ్చే రక్షణ) ఉంది. అది అక్కడి ఉత్పత్తిదారులందరిదీ. దాన్ని ఒకరు అమ్మడానికిగాని, బదలాయించడానికిగాని చట్టం ఒప్పుకోదు. అధీకృత వాడకందారుగా, అంటే ఆ గుర్తింపును వాడే అనుమతి ఉన్నవారిగా నమోదై, ఆ గుర్తింపు పక్కన మీ సొంత పేరును వేరే ట్రేడ్‌మార్క్‌గా వాడుకోవచ్చు.