జీతం 25,000 పెరుగుతుంది, ఇంట్లో ఉండే రోజులు 34 తగ్గుతాయి: మారాలా?

ప్రశ్న: మేం ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటాం. మా వారు దూరంగా పిల్బరా ప్రాంతంలోని ఇనుప ఖనిజం గనిలో డీజిల్ ఫిట్టర్. ఫైఫో ఉద్యోగం, అంటే విమానంలో సైట్‌కు వెళ్లి కొన్ని రోజులు పని చేసి, విమానంలోనే ఇంటికి రావడం. ఎనిమిది రోజులు సైట్‌లో, ఆరు రోజులు ఇంట్లో (8:6). ఏడాదికి 1,40,000 డాలర్లు. ఇప్పుడు వేరే కాంట్రాక్టర్ రెండు వారాలు పని, వారం సెలవు (2:1) మీద 1,65,000 ఇస్తామంటున్నారు. మాకు మూడేళ్ల పాప, చైల్డ్ కేర్‌కు వెళ్తుంది. నేను ఏజ్డ్ కేర్‌లో (వృద్ధుల సంరక్షణలో) పని చేస్తాను. ఆయన ఇంటికొచ్చిన ప్రతిసారీ రెండు నైట్ షిఫ్టులు అదనంగా తీసుకుంటాను, ఒక్కోదానికి చేతికి 230 వస్తుంది. ఇల్లు కొనడానికి డిపాజిట్ కూడబెడుతున్నాం. గుంటూరు నుంచి మా అత్తగారు ‘వచ్చే రోజుల్లోనే సంపాదించుకోవాలి’ అంటున్నారు. రిమోట్ ప్రాంతాల టాక్స్ రాయితీ కూడా వస్తుందని ఎవరో చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రాయితీ సంగతి. అది మీకు రాదు. మారుమూల ప్రాంతాల్లో పనిచేసేవారికి ఉన్న జోన్ రాయితీని 2015 జులై 1 నుంచి మామూలు నివాసం ఆ జోన్‌లోనే ఉన్నవారికి పరిమితం చేశారు. మీ ఇల్లు పెర్త్‌లో ఉంది కాబట్టి లెక్కలోంచి తీసేయండి.

ఇక 25,000 విషయం. మీ వారి జీతం ఇప్పటికే 1,35,000 దాటింది. అంటే పెరిగే ప్రతి డాలర్ మీదా 37 శాతం పన్ను, 2 శాతం మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్యం కోసం వసూలు చేసేది) పోతాయి. చేతికి వచ్చేది 15,250. సూపర్‌లో, అంటే యజమాని జమచేసే రిటైర్మెంట్ నిధిలో, 12 శాతం చొప్పున మరో 3,000 పడుతుంది, కానీ అది ఇప్పుడు ఇంటి డిపాజిట్‌కు పనికొచ్చే డబ్బు కాదు. 1,65,000 అన్నది సూపర్ కాకుండానా, కలిపా అని కూడా అడగండి. కలిపి అయితే ఈ పెరుగుదల చాలావరకు కరిగిపోతుంది.

8:6లో ఏడాదికి సుమారు 156 రోజులు ఇంట్లో ఉంటారు. 2:1లో 122. అంటే పోయేవి 34 రోజులు. పెరిగిన డబ్బును వాటితో భాగిస్తే రోజుకు 450 డాలర్లు వస్తుంది. ఇప్పుడు ఆయన పన్ను పోను చేతికి తెచ్చుకుంటున్నది పని చేసిన రోజుకు దాదాపు 500. పాపతో గడిపే రోజులు అమ్మి, మామూలు రోజు కన్నా తక్కువ ధర తీసుకుంటున్నారన్నమాట. ఇది నాకు నచ్చలేదు.

ఇంకా మీ షిఫ్టులున్నాయి. చాలా కుటుంబాలు దీన్ని లెక్కలో వేసుకోవు. ఇంటికొచ్చే విడతలు 26 నుంచి 17కి తగ్గుతాయి. విడతకు రెండు చొప్పున 18 నైట్ షిఫ్టులు, 4,140 డాలర్లు మీకు పోతాయి. చేతికి మిగిలేది 11,110. రోజుకు 327. వారం రోజులు ఉంటారు కదా, మూడు షిఫ్టులు చేస్తానంటారేమో. అలా చేస్తే ఆ వారంలో మీరిద్దరూ కలిసి కూర్చుని భోంచేసేది ఎప్పుడు? పైగా కుటుంబ ఆదాయం 5,000 పెరిగినప్పుడల్లా చైల్డ్ కేర్ సబ్సిడీ ఒక శాతం తగ్గుతుంది. మీ విషయంలో నాలుగైదు శాతం దాకా కోత పడొచ్చు.

అయితే ఒక విషయం 2:1 వైపు కూడా మొగ్గుతుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ప్రయాణం ఎవరి రోజుల్లో పడుతుంది? తెల్లవారుజామున పెర్త్ నుంచి పిల్బరాలోని న్యూమన్‌కు విమానం ఎక్కి అదే రోజు పని మొదలుపెడితే ఒక లెక్క. రానుపోను కలిపి విడతకు ఒక సెలవు రోజు పోతుంటే ఇంకో లెక్క. అలా పోతే 8:6లో 26 రోజులు, 2:1లో 17 రోజులు తగ్గి, ఇంట్లో నిజంగా మిగిలేవి 130, 105. తేడా 25 రోజులే. అప్పుడు ఆ 11,110 రోజుకు 444 పడుతుంది. అయినా 500 కన్నా తక్కువే.

కాబట్టి ఈ ఆఫర్ ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవద్దని నా సలహా. అత్తగారి మాట తప్పు కాదు, ఇల్లు కొనాలన్న మీ ఆరాటమూ నాకు అర్థమవుతుంది. కానీ 12 గంటల షిఫ్టులు వరసగా 14 రోజులు చేసిన మనిషికి ఇంటికొచ్చాక మొదటి రోజు నిద్రకే సరిపోతుంది. ఫైఫో కార్మికుల మానసిక ఆరోగ్యంపై పశ్చిమ ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2015లో ఇచ్చిన నివేదిక కూడా పని రోజులు, ఇంటి రోజులు సమానంగా ఉండే రోస్టర్ల వైపే మొగ్గింది. రెండు వారాలు పని, రెండు వారాలు ఇల్లు (2:2) అంటే ఏడాదికి 182 రోజులు. అలాంటి ఖాళీ దొరికితే జీతం కొంచెం తగ్గినా నాకు చెప్పండి, కూర్చుని లెక్క వేద్దాం.

డిపాజిట్‌కు ఇక కొంచెమే తక్కువ ఉండి, అందుకోసమే వెళ్లాలనుకుంటే ఏడాదికి మించి వద్దు. పెరిగిన జీతం ఇంటి ఖర్చులో కలవకుండా మొదటి నెల నుంచే వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి. పాత కంపెనీలో మళ్లీ 8:6 దొరుకుతుందా అన్నది రాజీనామాకు ముందే సూపర్‌వైజర్‌ను అడగమనండి. కొత్త ఉద్యోగం పర్మనెంటా, క్యాజువలా, విమానం ఎక్కే రోజుకు జీతం ఇస్తారా లేదా అన్నవి ఫోన్‌లో కాదు, కాగితం మీద తీసుకోండి.