ఇన్సులిన్ పంపు కొనేముందు: సునీతకు పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. సునీతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. బాబు షుగర్ జబ్బుకి ఇన్సులిన్ పంపు పెట్టిద్దామనుకుంటున్నామని, ఏది తీసుకోవాలో చెప్పమని అడిగావు. మావాడు పదో తరగతి నుంచీ పంపు మీదే ఉన్నాడు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. డోసుల విషయంలో మాత్రం మీ డాక్టరుగారి మాటే వినండి.

పంపులో పోసేది నోవోరాపిడ్, హ్యుమలాగ్ లాంటి త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. దాన్నే రోజంతా కొంచెం కొంచెంగా బేసల్‌గా పంపిస్తుంది, తినేముందు మనం నొక్కితే బోలస్‌గా ఇస్తుంది. ఇప్పుడు మీరు రోజుకోసారి వేస్తున్న, రోజంతా పనిచేసే లాంటస్ ఇన్సులిన్ ఇక ఉండదు. అంటే పంపు నుంచి మందు తెచ్చే ట్యూబు మడతపడినా, నిద్రలో సెట్ (చర్మంలో గుచ్చి ప్లాస్టర్‌తో అంటించే భాగం) ఊడినా ఒంట్లో వెనక నిలవ ఏమీ లేదన్నమాట. కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో చేరే ప్రమాదకరమైన ఆమ్లాలు) మొదలవుతాయి. అందుకే ఏ పంపు చూపించినా నేను మొదట అడిగేది ఒకటే: ఇది అర్ధరాత్రి ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, వేరేది ఎన్నాళ్లకి చేతికొస్తుంది? దీనికి సూటిగా జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర ఎంత గొప్ప పంపైనా కొనొద్దు.

అమెరికాలో మీ ఆడపడుచు కూతురికి ట్యూబు లేని ఆమ్నిపాడ్ ఉందని, అదే తెప్పించుకుందామని మీ ఆయన అంటున్నాడట. మంచి వస్తువే, కాదనను. కానీ ఒంటికి అంటించుకునే ఒక్కో పాడ్ మూడు రోజులే వస్తుంది, అంటే నెలకి పది కావాలి. ఎవరో వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చే సరుకు మీద పసివాడి ప్రాణం ఆధారపడకూడదమ్మా.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి మెడ్‌ట్రానిక్ పంపులు. వాటిలో 780జీ రకం, ఒంటికి అంటించి షుగర్ కొలిచే సెన్సర్ రీడింగ్ చూసుకుని ఐదు నిమిషాలకోసారి ఇన్సులిన్ని తనే సర్దుకుంటుంది, షుగర్ పెరుగుతుంటే దాన్ని దించే చిన్న చిన్న కరెక్షన్ డోసులు కూడా ఇస్తుంది. షుగర్ లక్ష్యం 100, 110, 120లలో ఒకటి పెట్టుకోవచ్చు. ఆ ఆటో మోడ్‌ని మొదట్లో ఏడేళ్లు నిండి, రోజు మొత్తం కనీసం 8 యూనిట్ల ఇన్సులిన్ వాడేవాళ్లకే అనుమతించారు. మీవాడికి తొమ్మిదేళ్లు కాబట్టి వయసుతో ఇబ్బంది లేదు, డోసు సంగతి డాక్టరుగారిని అడుగు.

అయితే సెన్సర్ లేకపోతే ఆటో మోడ్ లేదు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతోంది. పంపు ధర ఒక్కసారే, ఎలాగోలా సర్దుకుంటారు. సెట్, రిజర్వాయర్ (పంపులో ఇన్సులిన్ నింపే చిన్న గొట్టం) రెండు మూడు రోజులకోసారి మార్చాలి, సెన్సర్ ఏడు రోజులకోసారి. ఇవన్నీ నెలకి ఎంతవుతాయో కాగితం మీద రాయించుకో. ఐదేళ్లపాటు తడుముకోకుండా కట్టగలం అనుకుంటేనే ముందుకెళ్లండి. కష్టమనిపిస్తే పెన్నుతో నాలుగు పూటలా వేసుకుంటూ సెన్సర్ ఒక్కటి వాడినా బాగానే ఉంటుంది. అది తక్కువ వైద్యమని ఎవరన్నా పట్టించుకోకు.

కొనేముందు ట్రయల్ ఇమ్మని గట్టిగా అడుగు. సెలైన్ పోసి కొన్నాళ్లు పెట్టుకోనిస్తారు. బాబు దాన్ని స్కూల్‌కి పెట్టుకెళ్లాలి, ఆడుకోవాలి, పడుకోవాలి. మన ఎండల్లో చెమటకి ప్లాస్టర్ నిలుస్తోందో లేదో అప్పుడే తెలుస్తుంది. వాడికి నచ్చకపోతే బలవంతపెట్టొద్దు.

ఇన్సులిన్ కొనేటప్పుడు సీసా మీద మిల్లీలీటరుకి 100 ఐయూ (యూనిట్లు) అని ఉందో లేదో చూడు. మన మందుల షాపుల్లో 40 ఐయూ సీసాలు బాగా దొరుకుతాయి, అవి పంపుకి పనికిరావు. 37 డిగ్రీలు దాటితే పంపులోని ఇన్సులిన్ కూడా పాడవుతుంది, మే నెలలో పంపుని ఎండలో ఉంచనివ్వకు.

సెట్ మార్చే పద్ధతి నువ్వూ, మీ ఆయనా ఇద్దరూ నేర్చుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ని చల్లగా ఉండగానే నింపితే తర్వాత బుడగలు పుడతాయి. బయట ఉంచి, చల్లదనం పోయాక నింపాలి, వెలుతురుకి పెట్టి వేలితో తట్టి బుడగలు పైకి తెచ్చి వదిలెయ్యాలి. సెట్ పెట్టినచోట మందు వాసన గుప్పుమందంటే లీకవుతున్నట్టే. పొట్ట మీద ఒకేచోట మళ్లీ మళ్లీ గుచ్చితే గడ్డకట్టి ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు, చోటు మారుస్తుండాలి. షుగర్ 250 దాటి, పంపుతో కరెక్షన్ ఇచ్చినా గంటకి దిగకపోతే మేం పెన్నుతో వేసి, సెట్ మార్చి, కీటోన్ స్ట్రిప్‌తో చూస్తాం. మీ డాక్టరుగారిని అడిగి మీ పద్ధతి రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించు. పెన్నులూ, స్ట్రిప్‌లూ ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిందే.

పంపు వచ్చినా అన్నం లెక్క తప్పదు. వంద గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. వంటింట్లో చిన్న తూకం కొనుక్కో, కొన్ని వారాలకి గరిటె చూస్తేనే తెలిసిపోతుంది. బిర్యానీ తిన్నరోజు నూనె వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది, బోలస్‌ని విడదీసి ఇచ్చే సదుపాయం ఉందా, ఆటో మోడ్‌లో కూడా పనిచేస్తుందా అని కంపెనీవాళ్లని అడుగు.

ట్రయల్ ఎప్పుడో ఖరారయ్యాక ఫోన్ చెయ్యి. మొదటి రెండు రాత్రులూ అలారాలకి నీకు నిద్ర ఉండదు, నేనొచ్చి బాబు దగ్గర పడుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ