బాఖ్ ఆర్గన్ సంగీతం రొదలా అనిపిస్తోందా? వాల్చా రికార్డింగ్ వినండి

సినిమాల్లో పాడుబడ్డ కోట, దయ్యాలు కనబడగానే మోగే ఆ సంగీతం, అదే జర్మన్ సంగీతకర్త బాఖ్ రాసిన డి మైనర్ టొకాటా అండ్ ఫ్యూగ్ (టొకాటా అంటే వేగంగా, ఆర్భాటంగా సాగే మొదటి భాగం, ఫ్యూగ్ అంటే ఒకే వరుసను ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ సాగే రెండో భాగం), పూర్తిగా విందామని పెడితే రెండు నిమిషాలకే రొదలా అనిపించిందని, మంచి రికార్డింగ్ ఏదైనా చెప్పమని అడిగారు. జర్మన్ ఆర్గన్ వాద్యకారుడు హెల్ముట్ వాల్చా వాయించింది వినండి. 1956లో నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్ ఊళ్ళో, సెయింట్ లారెన్స్ చర్చిలో ఉన్న పాత ఆర్గన్ (గాలితో మోగే పైపులు, చేతులకూ కాళ్ళకూ వేర్వేరు మెట్లు ఉండే పెద్ద వాద్యం) మీద వాయించారు. ఆర్కైవ్ (Archiv) అనే రికార్డింగ్ సంస్థ వాళ్ళది, స్ట్రీమింగ్ యాప్‌లలో దొరుకుతుంది.

ఎందుకు ఆయనే అంటున్నానంటే, వాల్చాకు చూపు లేదు. 1907లో లైప్‌జిగ్‌లో పుట్టారు, ఇరవై ఏళ్ళు నిండకముందే చూపు పూర్తిగా పోయింది. రాసి ఉన్న స్వరాలను చూసి నేర్చుకునే వీలు లేదు కదా, అందుకని మొదట్లో వాళ్ళమ్మ, తర్వాత భార్య, ఒకేసారి కలిసి నడిచే స్వరాల వరుసల్లో ఒక్కోదాన్ని విడిగా వాయించి వినిపిస్తే దాన్ని కంఠస్థం చేసి, ఆ తర్వాత అన్నిటినీ మనసులోనే ఒకచోట చేర్చుకునేవారు. అలా బాఖ్ ఆర్గన్ రచనలను దాదాపు అన్నీ ఒకసారి కాదు, రెండుసార్లు రికార్డ్ చేశారు, అంతా జ్ఞాపకం నుంచే: 1947లో మొదలుపెట్టి మోనోలో ఒకసారి, 1956 నుంచి 1971 దాకా స్టీరియోలో ఇంకోసారి. ఆ నేర్చుకున్న తీరు వాయింపులో వినబడుతుంది. ఏ వరుసా ఇంకోదాని కింద నలిగిపోదు.

ఇక రొద సంగతి. ఆర్గన్‌లో మెట్టును ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు, గాలి దారి తెరుచుకుంటుంది, పైపు మోగుతుంది, అంతే. వాయించేవాళ్ళ చేతిలో ఉన్నదల్లా మెట్టు మీద నుంచి వేలు ఎప్పుడు తియ్యాలన్నది. ఒక స్వరం పూర్తికాకుండానే ఇంకోటి అందుకుంటే, పైగా ఆ రాతి గోడల మధ్య ప్రతిధ్వని కూడా తోడైతే, అంతా కలిసి ముద్దయిపోతుంది. వాల్చా స్వరానికీ స్వరానికీ మధ్య చిన్న ఎడం ఉంచుతారు. ఫ్యూగ్ మొదలయ్యే చోట బాగా తెలుస్తుంది: ఒకే వరుస, చకచకా పరిగెడుతూ, మాటిమాటికీ పంచమాన్ని తాకి వస్తూ ఉంటుంది, అది స్పష్టంగా చెవిలో పడ్డాక రెండో వరుస అదే మాట ఎత్తుకుంటుంది, మొదటిది ఆగకుండా వేరే దారి పడుతుంది.

మన చెవికి కష్టం కూడా ఇక్కడే. కర్ణాటక సంగీతమైనా సినిమా పాటైనా మనం ఒక్క గొంతు వెంట పోతాం, మిగతావన్నీ దాని పక్కన నడుస్తాయి. బాఖ్ దగ్గర అన్నీ ప్రధానమే. నాకు దారి చూపింది ఆయన ట్రియో సొనాటాలు, మొత్తం ఆరు: కుడిచేతికి ఒక వరుస, ఎడమచేతికి ఒకటి, కాళ్ళకు ఒకటి, మూడే. అందులో మొదటిది పెట్టుకుని ఒకసారి ఎడమచేతిని మాత్రమే, ఇంకోసారి కాళ్ళను మాత్రమే పట్టుకుని వినేవాణ్ణి. అలా కొన్నాళ్ళు విన్నాక ఒకరోజు మూడూ విడివిడిగా, ఒకేసారి వినిపించాయి, ఆ ఆనందం నాకు ఇంకే సంగీతంలోనూ దొరకలేదు.

దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినకండి! కాళ్ళతో వాయించే పెడల్ స్వరాల్లో పదహారు అడుగుల పైపు సెకనుకు దాదాపు 33 సార్లే కంపిస్తుంది, అది ఫోన్ స్పీకర్ వల్ల అయ్యే పని కాదు. కింది సగం పోయి పైన ఉన్న కీచుదనం మాత్రం మిగులుతుంది, మీకు రొదలా అనిపించడానికి బహుశా ఇదే పెద్ద కారణం. జర్మనీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక చర్చిలో ఎదురుగా కూర్చుని విన్నాను, ఆ కింది స్వరాలకు బెంచీ చెక్క అరచేతి కింద సన్నగా అదిరింది. ఇంట్లో అంత రాదు గానీ మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే చాలావరకు దక్కుతుంది.

వాల్చా వాయింపు మరీ బిగుసుకుపోయినట్టు ఉంటుందనేవాళ్ళు ఉన్నారు. టొకాటాలో ఉరుములు కావాలంటే నిజంగానే ఆయన దగ్గర తక్కువ. మొదటిసారి వినేవాళ్ళకు మాత్రం ఉరుముల కంటే ఆ స్పష్టతే ముఖ్యమని నా గట్టి నమ్మకం. (అన్నట్టు, ఈ రచనకు బాఖ్ చేతిరాత ప్రతి దొరకలేదు, యోహానెస్ రింక్ అనే జర్మన్ ఆర్గన్ వాద్యకారుడు రాసుకున్న నకలే ఆధారం, అందుకే ఇది బాఖ్‌దేనా అని అనుమానించే పండితులూ ఉన్నారు. ఎవరిదైనా గొప్ప రచనే.)

ఇది పట్టుబడ్డాక బాఖ్‌దే సి మైనర్ పాసకాలియా పెట్టుకోండి, అదీ వాల్చా వాయించిందే. మొదట కాళ్ళు ఒక్కటే ఒక చిన్న వరుస వాయిస్తాయి, తర్వాత దాని మీద ఇరవై రకాల అల్లికలు వస్తాయి. పైన ఎంత హడావిడి జరుగుతున్నా ఆ కింది వరుసను వదలకండి, మధ్యలో అది పెడల్ వదిలి పైకి ఎక్కే చోటు మీకే దొరుకుతుంది.