పున్నమికో పాట

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. బ్యాండ్ వదిలి మూడేళ్ళయినా నీ సొంత ఆల్బమ్ ఇంకా తేలలేదని మీ అమ్మ బెంగపడుతోంది. నువ్వు పంపిన డెమోలు వరసగా మూడు రాత్రులు విన్నాను. గొంతు నిండుగా ఉంది. పాటలు మాత్రం పాత స్నేహితులతో ఇంకా వాదులాడుతున్నాయి.

పీటర్ గేబ్రియల్‌ని శ్రద్ధగా విను. జెనెసిస్ బ్యాండ్‌కి ముందు నిలబడి పాడినవాడు. 1975లో బయటికొచ్చి, 1977లో మొదటి సొంత ఆల్బమ్ తెచ్చాడు. తాను బయటికొచ్చిన సంగతే అందులోని 'సాల్స్‌బరీ హిల్' పాట. ఇంగ్లండులో బాత్ ఊరి దగ్గర గుట్ట అది. పాట చాలా భాగం మన మిశ్రచాపులా ఏడు లెక్కలో నడుస్తుంది. తొడ మీద తాళం వేసుకుంటూ వింటే తెలుస్తుంది, ఎనిమిదో దెబ్బకి చెయ్యి లేచేలోపే పాట ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. వెళ్ళిపోవడం మాటల్లో కంటే ఆ నడకలోనే ఎక్కువ ఉందనిపిస్తుంది నాకు. నీ డెమోల్లో నీ పాత బ్యాండ్ నలుగురి మీదా నాలుగు పాటలున్నాయి. ఒక్కటి ఉంచు: వ్యాన్‌లో అందరూ నిద్రపోతుంటే నువ్వొక్కడివే మేలుకున్న పాట.

1980 ఆల్బమ్‌కి ఆయన డ్రమ్మర్లను సింబల్స్ అనే ఇత్తడి పళ్ళాలను ముట్టుకోవద్దన్నాడు. అలవాటైన ఆ జల్లుమనే చప్పుడు పోయేసరికి కింద ఉన్నదంతా బయటపడింది. మొదటి పాటలో డ్రమ్ము దెబ్బ పడగానే గది మోత పెద్దదిగా లేచి, సాగకముందే ఠక్కున తెగిపోతుంది. ఆ తర్వాత ఎంతమందో ఆ చప్పుడు వెంటపడ్డారు. నువ్వేమో పల్లవి రాగానే గరగరలాడే డిస్టార్షన్ గిటార్ వెనక దాక్కుంటున్నావు. ఒక నెల దాన్ని పక్కన పెట్టి పాడు. నీ ఊపిరి నీకే వినపడి భయమేస్తుంది. వెయ్యనీ.

ఆ పాటకి డ్రమ్స్ వాయించింది ఎవరనుకున్నావు? ఫిల్ కాలిన్స్, జెనెసిస్‌లో గేబ్రియల్ చోటు తీసుకున్న గాయకుడు! 1982లో తాను మొదలుపెట్టిన వోమాడ్ అనే ప్రపంచ సంగీత ఉత్సవం వల్ల గేబ్రియల్ అప్పుల్లో మునిగితే, పాత బ్యాండ్ అంతా ఆయనతో కలిసి మళ్ళీ వేదికెక్కింది. కాబట్టి ఎవరి నంబరూ తీసెయ్యకు. మీ డ్రమ్మర్ కుర్రాడి చేతికి నీ గొంతు ఎక్కడ ఆగుతుందో తెలుసు. దసరాకి ఫోన్ చెయ్యి.

ఇక ఆలస్యం సంగతి. నేను ఆర్కెస్ట్రా వదిలాక ఎనిమిది పాటల క్యాసెట్ తేవాలనుకున్నాను. రెండు పాటలు పూర్తయ్యాయి కూడా. ఇంకాస్త బాగు చేద్దాం, ఇంకాస్త అంటూ పన్నెండేళ్ళు గడిపాను. టేపులకు బూజు పట్టింది. మీ తాతయ్య ఆ పాటలు వినకుండానే పోయారు.

గేబ్రియల్‌కీ 2002 ఆల్బమ్ తర్వాత సొంతంగా రాసిన కొత్త పాటల ఆల్బమ్ రావడానికి 21 ఏళ్ళు పట్టింది. చివరికి 2023లో ఒక్కో పున్నమికి ఒక్కో పాట వదులుతూ, డిసెంబరుకల్లా పన్నెండు పాటల ఆల్బమ్ చేతికిచ్చాడు. నువ్వూ అలాగే చెయ్యి. చంద్రుడు నీ కోసం ఆగడు, నువ్వే పాట ముగించాలి.

వచ్చే పున్నమికి వ్యాన్ పాట పంపు. డాబా మీద మంచం వేయించుకుని వింటాను.

మామయ్య